అమెరికా నల్లజాతి కన్జర్వేటివ్‌లు: వద్దనే మందు ఒకటే, చెప్పే జబ్బులు వేరు

క్లుప్తంగా: అమెరికాలో నల్లజాతి కన్జర్వేటివ్‌లందరూ జాతి గురించి ఒకే మాట చెబుతారన్నది టీవీ చర్చలు చూసేవారికి కలిగే అభిప్రాయం. ప్రభుత్వం రంగును చూసి మేలు చేయడాన్ని వారిలో చాలామంది వ్యతిరేకిస్తారు, నిజమే. ఎందుకని అడిగితే మాత్రం ఒకరి జవాబుకు మరొకరి జవాబు పొసగదు. వివక్ష ఎప్పటికీ పోదు కాబట్టి అని ఒకరంటారు. వెనుకబాటుకు ఇప్పుడు అసలు కారణం వివక్షే కాదు కాబట్టి అని మరొకరంటారు.

2023 జులైలో ఫ్లోరిడా రాష్ట్ర విద్యా బోర్డు, స్కూళ్లలో నల్లజాతి చరిత్రను ఎలా చెప్పాలన్న దానిపై కొత్త ప్రమాణాలు ఆమోదించింది. ఆ దస్తావేజులో ఒక మూల చిన్న వివరణ వాక్యం ఉంది. బానిసలు నేర్చుకున్న పనితనాలు కొన్ని సందర్భాల్లో వారి సొంతానికి కూడా పనికొచ్చాయని పాఠంలో చెప్పాలన్నది దాని సారాంశం. దానిపై దేశమంతా గొడవ రేగింది. డెమోక్రాట్లు మండిపడటంలో వింత లేదు. రిపబ్లికన్ పక్షాన ఉన్న నల్లజాతి ప్రముఖులు తలో దారి పట్టడమే చాలామందికి అంతుపట్టలేదు.

సౌత్ కరోలినా సెనేటర్ టిమ్ స్కాట్ ఆ వాక్యాన్ని సూటిగా తప్పుబట్టారు. బానిసత్వంలో వెతికి చూసుకునే మంచి ఏదీ లేదన్నారు. ఫ్లోరిడాకే చెందిన కాంగ్రెస్ సభ్యుడు బైరన్ డోనాల్డ్స్, ప్రమాణాలు మొత్తంగా బాగున్నాయి గానీ ఆ ఒక్క భాగం సరిదిద్దాలన్నారు. ఆ మాత్రానికే గవర్నర్ రాన్ డిశాంటిస్ మనుషులు ఆయన మీద విరుచుకుపడ్డారు. ఇక ఆ ప్రమాణాల తయారీలో పాలుపంచుకున్న విలియం అలెన్ కూడా నల్లజాతీయుడే. రీగన్ కాలంలో పౌరహక్కుల కమిషన్‌కు అధ్యక్షత వహించిన ప్రొఫెసర్. బానిసత్వం మేలు చేసిందని ఎవరూ అనలేదని, ఆ నరకంలోనూ ఆఫ్రికన్లు తెలివితో, ఓర్పుతో నిలదొక్కుకున్నారని మాత్రమే చెప్పామని ఆయన సమర్థించుకున్నారు.

ఇందులో రాజకీయ లెక్కలు లేవనుకుంటే అమాయకత్వమే. అప్పుడు స్కాట్ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం డిశాంటిస్‌తో పోటీపడుతున్నారు. డోనాల్డ్స్ అప్పటికే ట్రంప్ పక్షం చేరారు. అయినా ఆ మూడు స్పందనల వెనక, నల్లజాతి కన్జర్వేటివ్ ఆలోచనలో వందేళ్లకు పైగా నలుగుతున్న తగవు కనిపిస్తుంది.

బకెట్టు కథ నుంచి ఫిలడెల్ఫియా ప్లాన్ దాకా

ఈ ఆలోచనా ధార మూలపురుషుడిగా చాలామంది చెప్పే పేరు బుకర్ టి. వాషింగ్టన్. బానిసగా పుట్టి, అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థను 1881 నుంచి నడిపించిన ఆయన 1895లో అట్లాంటాలో ఒక కథ చెప్పారు. దారి తప్పిన ఓడలో జనం దాహంతో అల్లాడుతూ నీళ్లు కావాలని మరో ఓడకు సంకేతం పంపుతారు. ఉన్నచోటే బకెట్టు వేయమని అటునుంచి జవాబు. చివరికి వేసి చూస్తే మంచినీళ్లు! వాళ్లున్నది అమెజాన్ నది సముద్రంలో కలిసేచోట. ఉన్న ఊళ్లోనే, ఉన్న పనిలోనే పైకి రండి, రాజకీయ హక్కులు తర్వాత చూసుకుందాం అన్నది ఆయన సందేశం. నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ దీన్ని లొంగుబాటుగా చూసి 1903లో గట్టిగా ఖండించారు. అదే వాషింగ్టన్, నల్లవాళ్ల ఓటు హక్కు తీసేసే చట్టాలపై కేసులు వేయడానికి చాటుగా డబ్బు సమకూర్చారన్నది తర్వాత బయటపడిన సంగతి. పైకి కష్టపడండి అనడం, లోపల వివక్షతో పోరాడటం ఆయన దగ్గరే మొదలయ్యాయన్నమాట.

1956లో రిపబ్లికన్ ఐసెన్‌హోవర్‌కు నల్లజాతి ఓట్లు 40 శాతం దాకా పడ్డాయి. 1964 పౌరహక్కుల చట్టాన్ని వ్యతిరేకించిన బారీ గోల్డ్‌వాటర్ అదే ఏడాది రిపబ్లికన్ అభ్యర్థి అయ్యేసరికి అవి 6 శాతం దగ్గరికి పడిపోయాయి. అప్పటి నుంచి నల్లజాతి రిపబ్లికన్ అంటే తన వాళ్లలోనే ఒంటరి.

ఆ ఒంటరుల్లో ఇప్పుడు దాదాపు మరుగున పడిన పేరు ఆర్థర్ ఫ్లెచర్. నిక్సన్ ప్రభుత్వంలో కార్మిక శాఖ సహాయ కార్యదర్శి. ఫిలడెల్ఫియాలో ప్రభుత్వ డబ్బుతో కట్టే భవనాల పనుల్లో, తెల్లవాళ్ల యూనియన్ల గుప్పిట్లో ఉన్న ఇనుప పని, పైపుల పని లాంటి చోట్ల మైనారిటీలను తీసుకోవడానికి కాంట్రాక్టర్లు లక్ష్యాలు పెట్టుకోవాలని 1969లో పట్టుబట్టింది ఆయనే. దాన్ని ఫిలడెల్ఫియా ప్లాన్ అన్నారు. ఈనాడు కన్జర్వేటివ్‌లు నిందించే అఫర్మేటివ్ యాక్షన్‌కు (చదువుల్లో, ఉద్యోగాల్లో మైనారిటీలకు ప్రాధాన్యమిచ్చే విధానానికి) తండ్రిగా పేరుపడ్డ మనిషి నల్లజాతి రిపబ్లికనే.

1996 వచ్చేసరికి చీలిక నడివీధికెక్కింది. ఆగస్టులో రిపబ్లికన్ జాతీయ సదస్సు వేదిక మీదే నల్లజాతి మాజీ సైనిక జనరల్ కోలిన్ పావెల్ తాను అఫర్మేటివ్ యాక్షన్‌ను సమర్థిస్తానని చెప్పారు. నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ప్రభుత్వ కాలేజీల్లో, ఉద్యోగాల్లో దాన్ని నిషేధించే ప్రపోజిషన్ 209ను (ప్రజల ఓటుకు పెట్టిన ప్రతిపాదనను) దాదాపు 55 శాతం ఓట్లతో ఆమోదించారు. ఆ ప్రచారానికి ముందు నిలిచిన వార్డ్ కానర్లీ కూడా నల్లజాతి రిపబ్లికనే.

థామస్: ఈ వివక్ష పోదు, అందుకే మీ దయ వద్దు

సుప్రీంకోర్టు న్యాయమూర్తి క్లారెన్స్ థామస్‌ను బయటివాళ్లు ఎక్కువగా అపార్థం చేసుకునేది ఇక్కడే. జాతి వివక్ష లేదనే మనిషిగా ఆయన్ని లెక్కగడతారు. ఆయన రాతలు చూస్తే కథ తలకిందులు. జార్జియాలోని పిన్ పాయింట్‌లో 1948లో పుట్టి, సవన్నాలో ఇంధన నూనె ఇళ్లకు చేరవేసే తాత దగ్గర కఠిన క్రమశిక్షణలో పెరిగారు. కాలేజీలో నల్లజాతి ఆత్మగౌరవ నేత మాల్కం ఎక్స్ ప్రసంగాల రికార్డులు విన్నారు. యేల్ లా స్కూల్ డిగ్రీ చేతికొచ్చాక, నల్లవాడు కాబట్టి సీటిచ్చారులే అన్నట్టు లాయర్ ఆఫీసులు చూడటంతో, సిగార్ ప్యాకెట్టు మీది 15 సెంట్ల స్టిక్కర్ ఊడదీసి ఆ డిగ్రీ ఫ్రేముకు అంటించుకున్నారు. దాని విలువ అంతేనని.

కోర్టులో ఆయన తీరు తెలియాలంటే 2003 నాటి రెండు కేసులు చూస్తే చాలు. మొదటిది శిలువ తగలబెట్టడంపై వర్జీనియా చట్టం కేసు. 2002 డిసెంబరులో వాదనలప్పుడు, నోరు విప్పరని పేరుపడ్డ థామస్ హఠాత్తుగా మాట్లాడారు. దక్షిణాదిలో వందేళ్ల పాటు సాగిన లించింగ్‌లను (మూకలు నల్లవాళ్లను చంపడాన్ని), తెల్లవాళ్ల ముఠా కు క్లక్స్ క్లాన్ భయోత్పాతాన్ని గుర్తుచేసి, కాలే శిలువకు బెదిరింపు తప్ప మరో అర్థం లేదన్నారు. ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. ఆ చట్టంలో కొంత భాగం భావప్రకటన స్వేచ్ఛకు అడ్డమని తోటి న్యాయమూర్తులు కొట్టేస్తే ఆయన విభేదించారు. తెల్లవాళ్ల ఉగ్రవాదం గురించి అంత సూటిగా రాసిన న్యాయమూర్తి ఆ ధర్మాసనంలో మరొకరు లేరు.

రెండోది అదే ఏడాది జూన్‌లో మిషిగన్ యూనివర్సిటీ లా స్కూల్ ప్రవేశాల కేసు. రంగును ఒక అంశంగా చూడొచ్చని మెజారిటీ తీర్పు ఇస్తే, థామస్ తన అసమ్మతిని, బానిసత్వం నుంచి తప్పించుకుని ఉద్యమ నేత అయిన ఫ్రెడరిక్ డగ్లస్ 1865 నాటి మాటలతో మొదలుపెట్టారు. మాకేం చేయాలని అందరూ అడుగుతున్నారు, ఏమీ చేయకండి, మమ్మల్ని మా కాళ్ల మీద నిలబడనివ్వండి అన్నది దాని భావం. అదే ప్రసంగంలో డగ్లస్ నల్లవాళ్లకు వెంటనే ఓటు హక్కు ఇవ్వాలని అడిగారని విమర్శకులు గుర్తుచేస్తారు. న్యాయమైన అభ్యంతరమే.

ఈ రెండూ విరుద్ధంగా కనిపించినా లోపలి దారం ఒకటే. తెల్లవాళ్ల సంస్థల్లో వివక్ష ఎంత లోతుగా ఉందంటే, వాటి జాలి కూడా అందులో భాగమే అన్నది ఆయన నమ్మకం. 1995లో కాన్సాస్ సిటీ స్కూళ్ల కేసులో, నల్లపిల్లలు ఎక్కువున్న ప్రతిదీ తక్కువ రకమేనని కోర్టులు ఎందుకు అనుకుంటాయో అర్థం కాదని ఎత్తిపొడిచారు. అయితే దారం తెగే చోటు కూడా ఉంది. కాలేజీ ప్రవేశాల్లో రంగును చూడటంపై 2023 నాటి హార్వర్డ్ కేసులో ఆయన రాజ్యాంగానికి రంగు పట్టదని వాదించారు. తెల్ల సమాజం రంగును ఎప్పటికీ మరవదని నమ్మే మనిషి, చట్టం మాత్రం దాన్ని పూర్తిగా మరవాలనడం ఎలా పొసుగుతుందో ఆయన అభిమానులు కూడా తేలిగ్గా చెప్పలేరు.

సోవెల్: రంగు ఒక్కటే లెక్క తేల్చదు

ఆర్థికవేత్త థామస్ సోవెల్ది పూర్తిగా వేరే మొదలు. 1930లో నార్త్ కరోలినాలో పుట్టి న్యూయార్క్ హార్లెంలో పెరిగిన ఆయన యవ్వనంలో మార్క్సిస్టు. 1960లో వేసవి ఉద్యోగానికి కార్మిక శాఖలో చేరితే, ప్యూర్టోరికో చక్కెర పరిశ్రమలో ఉద్యోగాలు ఎందుకు తగ్గుతున్నాయన్న ప్రశ్న ఎదురైంది. కనీస వేతనం పెంచడం వల్లా, తుపాన్లకు పంట పోవడం వల్లా? తుపానుకు ముందు చేలల్లో నిలిచి ఉన్న చెరకు ఎంతో లెక్క తెప్పిస్తే తేలిపోతుందని ఆయనకు తట్టింది. ఆ మాట చెబితే అధికారులు సంతోషించకపోగా కంగారుపడ్డారట. వేతన చట్టం అమలుచేసే శాఖకు ఆ లెక్క తేలడం ఇష్టం లేదని గ్రహించడంతో తన మార్క్సిజం కరగడం మొదలైందని సోవెల్ తర్వాత చెప్పుకున్నారు.

జాతి విషయంలోనూ ఆయన అడిగేది ఇలాంటి లెక్కే. కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లవాళ్లదీ అదే రంగు. మరి వారు అమెరికా నల్లవాళ్ల కంటే ఎక్కువ ఎందుకు సంపాదించారు? వివక్షే మొత్తం కారణమైతే ఈ తేడా రాకూడదు కదా అన్నది వాదన. కుటుంబం, పని అలవాట్లు, చరిత్ర నుంచి వచ్చిన సంస్కృతి అసలు కారణాలని ఆయన తేలుస్తారు. వివక్ష ఉందంటారు, కానీ పెద్ద పద్దు కాదంటారు.

ఈ లెక్కలో ఒక కిటుకుంది. దేశం దాటి వచ్చేవాళ్లు తమ సమాజంలో వడపోతకు గురైనవాళ్లు. చదువో, తెగువో, కొంత డబ్బో ఉన్నవాళ్లే బయలుదేరతారు. అమెరికాలో తెలుగు కుటుంబాల ఆదాయాలను చూపించి "వాళ్లకు సాధ్యమైతే మీకెందుకు కాదు" అని నల్లవాళ్లను అడిగేవారికీ ఇదే జవాబు. హెచ్1బి వీసా గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో ఎవరినంటే వారిని విమానం ఎక్కించదు.

రంగు చూడొద్దనేవారు, మధ్యలో ఉన్నవారు

కానర్లీది సిద్ధాంత బలం. ప్రభుత్వం మనిషి రంగును నమోదు కూడా చేయకూడదనే దాకా వెళ్లి 2003లో కాలిఫోర్నియాలో మరో ప్రపోజిషన్‌కు ప్రచారం చేశారు. అది ఓడిపోయింది. ఈ తరంలో ఆ బాట పట్టిన రచయిత కోల్‌మన్ హ్యూస్. 2019 జూన్ 19న, బానిసత్వానికి నష్టపరిహారంపై అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు ఆయన సాక్ష్యం చెప్పారు. అప్పటికింకా కొలంబియా యూనివర్సిటీ విద్యార్థి. తన పూర్వీకులు థామస్ జెఫర్సన్ తోటలో బానిసలని చెబుతూనే, తనకు పరిహారం వద్దన్నారు. చట్టబద్ధ వివక్షను స్వయంగా అనుభవించిన పెద్దవాళ్లకైతే ఇవ్వవచ్చన్నారు. హాలులో జనం హేళనగా అరవడంతో అధ్యక్షత వహించిన సభ్యుడు వారిని శాంతింపజేయాల్సి వచ్చింది. రంగుకు బదులు పేదరికం చూసి సాయం చేయాలన్నది హ్యూస్ వాదన. ప్రభుత్వ పునఃపంపిణీనే అనుమానించే సోవెల్‌కు అది కూడా రుచించదు.

టిమ్ స్కాట్ రెండు మాటలూ ఒకే నోట చెబుతారు. 2016 జులైలో సెనేట్‌లో నిలబడి, పదవిలో ఉండగానే ఒకే ఏడాదిలో పోలీసులు తన కారును ఏడుసార్లు ఆపారని చెప్పారు. సెనేటర్ గుర్తు పిన్ను చొక్కాకు ఉన్నా కాపిటల్ పోలీసు ఒకరు, పిన్ను తెలుసు గానీ నువ్వెవరో తెలియదు, ఐడీ చూపించు అన్నాడట. 2021 ఏప్రిల్‌లో బైడెన్‌కు రిపబ్లికన్ల తరఫున జవాబిస్తూ అమెరికా జాత్యహంకార దేశం కాదని ప్రకటించిందీ ఈయనే. ఈ రెండు ప్రసంగాల్లో ఎవరికి కావలసింది వారు కత్తిరించుకుని వాడుకుంటారు.

గ్లెన్ లౌరీ అయితే ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నడిచిన మనిషి. షికాగోలో పుట్టి, 1982లో హార్వర్డ్ ఆర్థికశాస్త్ర విభాగంలో శాశ్వత హోదా పొందిన తొలి నల్లజాతి ప్రొఫెసర్. 1980లలో రీగన్ శిబిరానికి దగ్గర. ముంబైలో పుట్టిన దినేశ్ డిసౌజా జాత్యహంకారం ముగిసిందంటూ 1995లో పుస్తకం రాస్తే, నల్లవాళ్లను అందులో అవమానించారంటూ లౌరీ, సామాజిక సంస్థల నాయకుడు రాబర్ట్ వుడ్సన్ ఇద్దరూ కన్జర్వేటివ్ మేధో సంస్థ అమెరికన్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్‌తో తెగతెంపులు చేసుకున్నారు. తర్వాత పదేళ్లకు పైగా లౌరీ, నల్లవాళ్లకు అంటిన కళంకం గురించి, జైళ్లు నిండిపోవడం గురించి లెఫ్ట్ మెచ్చేలా రాశారు. మళ్లీ 2020 నాటికి కుడివైపు వచ్చారు. ఇప్పుడాయన తేడా చెప్పే పద్ధతి ఉపయోగకరం: తప్పు ఎదుటివాడి పక్షపాతంలో ఉందనే కథనం ఒకటి, లోపం మన పిల్లల ఎదుగుదలలో ఉందనే కథనం మరొకటి. మొదటిది అబద్ధమని ఆయన అనరు, రెండోదాని మీద పనిచేయాలంటారు.

తెర మీద ఒకే గొంతు ఎందుకు?

ఇంత తేడా ఉంటే టీవీలో ఎందుకు కనిపించదు? సామాజిక శాస్త్రవేత్త కోరీ ఫీల్డ్స్ నల్లజాతి రిపబ్లికన్లతో మాట్లాడి రాసిన పుస్తకంలో దీనికి సగం జవాబుంది. వారిలో రంగును పక్కనబెట్టే వర్గం ఒకటి, నల్లజాతి మేలు కోసమే రిపబ్లికన్ విధానాలు కావాలనే వర్గం మరొకటి. పార్టీలో ఆదరణ మొదటివారికే. వివక్ష లేదని తెల్ల వ్యాఖ్యాత అంటే విమర్శలొస్తాయి. అదే మాట నల్లజాతి అతిథి అంటే కవచంలా పనిచేస్తుంది. వివక్ష ఉంది, కానీ మీరు చెప్పే పరిష్కారం దాన్ని పెంచుతుంది అనాలంటే నాలుగు వాక్యాలు కావాలి. యాంకర్ రెండో వాక్యం దగ్గరే బ్రేక్ అంటాడు.

ఎన్నికల లెక్క కూడా ఇటే తోస్తుంది. డోనాల్డ్స్ లాంటి నల్లజాతి రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యులు గెలిచేది నల్లజాతి ఓటర్లు తక్కువున్న నియోజకవర్గాల్లో.

ఇక సామాన్య జనం కథ వేరు. సర్వేల్లో తమను కన్జర్వేటివ్‌లమని చెప్పుకునే నల్లవాళ్లు నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంటారు. చర్చి, కుటుంబం, నేరాల విషయంలో వారి అభిప్రాయాలు గట్టివే. ఓటు మాత్రం డెమోక్రాట్లకు. తన బాగు తన జాతి బాగుతో ముడిపడి ఉందన్న భావనే దీనికి కారణమని రాజనీతి శాస్త్రవేత్త మైకేల్ డాసన్ 1990లలో వివరించారు. బంధువులు, చర్చి, కాలేజీ స్నేహితుల ఒత్తిడి ఆ కట్టును కాపాడుతోందని తర్వాతి పరిశోధకులు చేర్చారు. ఆ కట్టు కొంచెం సడలుతోంది. ప్యూ సంస్థ అంచనా ప్రకారం ట్రంప్‌కు 2020లో 8 శాతం నల్లజాతి ఓట్లు పడితే 2024లో 15 శాతం పడ్డాయి. అలా మారినవారిలో ఎక్కువమంది సోవెల్‌ను చదివి మారారనుకోవడానికి ఆధారమేమీ లేదు.

మన రిజర్వేషన్లతో పోలిక ఎక్కడిదాకా?

తెలుగు పాఠకులకు ఇది రిజర్వేషన్ల వాదనలా వినిపిస్తుంది. సగమే నిజం. అమెరికాలో అలన్ బాకీ అనే అభ్యర్థి కేసులో 1978 నాటి తీర్పుతోనే సీట్ల కోటా చెల్లదని తేలింది. ఆ తర్వాత మిగిలింది దరఖాస్తు పరిశీలనలో రంగును ఒక అంశంగా చూడటం మాత్రమే. మన రాజ్యాంగం ఇచ్చిన కోటాతో దానికి పోలిక లేదు.

సోవెల్ మాత్రం ఆ పోలిక తెచ్చారు. వివిధ దేశాల్లో ఇలాంటి విధానాలపై 2004లో రాసిన పుస్తకంలో భారత్‌కు ఒక అధ్యాయం కేటాయించి, ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణ స్థానికులకు ఉద్యోగాల్లో రక్షణ గొడవను కూడా ప్రస్తావించారు. ప్రాధాన్యం ఇస్తే వర్గాల మధ్య పగ పెరుగుతుందనడానికి ఆయనకది ఉదాహరణ. 1969లో వీధికెక్కిన తెలంగాణ విద్యార్థిని అడిగితే జవాబు వేరేలా ఉండేది. ముల్కీ నిబంధనలు ఉండటం కాదు, వాటిని సరిగ్గా అమలు చేయకపోవడమే వారి ఫిర్యాదు.

మేలంతా ఆ వర్గంలో పైనున్నవారికే పోతుందన్నది సోవెల్ మరో వాదన. ఇలాంటి ఫిర్యాదే మన దగ్గర మాదిగ దండోరా 1990ల నుంచి చేసింది. సోవెల్ దాన్నుంచి ఈ విధానమే వద్దనే చోటికి చేరితే, దండోరా రిజర్వేషన్లను వర్గీకరించాలనే చోటికి చేరింది. 2024 ఆగస్టు 1న మన సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచింది.

తీర్పు తర్వాత

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో కాలేజీ ప్రవేశాల్లో రంగును లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసింది. థామస్, కేతాంజి బ్రౌన్ జాక్సన్ అనే ఇద్దరు నల్లజాతి న్యాయమూర్తులు ఒకరి వాదనను మరొకరు పేరు పెట్టి ఖండించుకున్నారు. ఆసియన్ విద్యార్థులకు అన్యాయం జరుగుతోందన్నది కేసులో ముఖ్య వాదన కాబట్టి, పిల్లలు ఐవీ లీగ్‌కు దరఖాస్తు చేసే తెలుగు ఇళ్లలోనూ దీనిపై ఆసక్తి ఉంది. మరుసటి ఏడాది ఎంఐటీలో చేరిన కొత్త బ్యాచ్‌లో నల్లజాతి విద్యార్థుల వాటా అంతకుముందు నాలుగు బ్యాచ్‌ల సగటు 13 శాతం నుంచి 5కు పడింది.

ఇలాంటి అంకెను ఎవరి సిద్ధాంతం ఎటు లాగుతుందో ఊహించడం కష్టం కాదు. తమ తయారీకి తగిన కాలేజీలో చేరినవారు మెరుగ్గా రాణిస్తారని సోవెల్ పాత వాదన. థామస్ తన తీర్పులో చారిత్రక నల్లజాతి కాలేజీల విజయాలను మెచ్చుకున్నారు. హ్యూస్ తరహావారికి ఇది స్కూళ్ల వైఫల్యం. ఈ మూడింటికీ కావలసిన విధానాలు వేరు. కూల్చేదాకా కలిసి నడిచినవారు, ఏం కట్టాలన్న దగ్గర విడిపోవడం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది.

2025 జనవరి 21న ట్రంప్, ప్రభుత్వ కాంట్రాక్టర్లపై 1965 నుంచి ఉన్న అఫర్మేటివ్ యాక్షన్ ఉత్తర్వును రద్దుచేశారు. ఆర్థర్ ఫ్లెచర్ తన ఫిలడెల్ఫియా ప్లాన్‌ను నిలబెట్టింది ఆ ఉత్తర్వు మీదే. తర్వాతి నెలలో బైరన్ డోనాల్డ్స్ 2026లో ఫ్లోరిడా గవర్నర్ పదవికి పోటీ చేస్తానని ప్రకటించారు. ఆయన గెలిస్తే, సరిదిద్దాలని తాను అడిగిన ఆ వాక్యాన్ని రాసిన విద్యా శాఖ ఆయన పాలన కిందికే వస్తుంది.